అద్దెదారుల హక్కుల చట్టం, 2025 (ఇంగ్లండ్)

ఇంగ్లండ్‌లో ప్రైవేటు ఇళ్లలో అద్దెకుండేవారి కోసం బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం. 2025 అక్టోబరు 27న రాజముద్ర పడింది. ప్రధాన నిబంధనల అమలు తేదీ 2026 మే 1. కారణం చూపకుండా ఖాళీ చేయించే పద్ధతిని స్కాట్లండ్ 2017లోనే ఎత్తివేసింది.

ఈ చట్టం ముఖ్యంగా ఎత్తివేసింది 1988 నాటి గృహవసతి చట్టంలోని 21వ సెక్షన్‌ను. దాని ప్రకారం ఒప్పందం గడువు తీరిన ఇంటిని ఖాళీ చేయించాలంటే యజమాని ‘6ఏ’ అనే ఫారం నింపి రెండు నెలల నోటీసు ఇస్తే సరిపోయేది. అందులో పేర్లకు, చిరునామాకు, తేదీకి చోటుండేది, కారణానికి ఉండేది కాదు. ఫారం సక్రమంగా ఉంటే కోర్టు కూడా ఎందుకని అడిగేది కాదు. అద్దె ఒక్క రోజు కూడా ఆలస్యం చేయనివారికీ ఇదే గతి పట్టేది. గోడకు బూజు పట్టిందని చెబితే ఎక్కడ ఆ కాగితం చేతికొస్తుందోనని నోరు మెదపనివారు ఎందరో. ఈ సెక్షన్‌ను రద్దు చేస్తామని అప్పటి ప్రధాని థెరెసా మే ప్రభుత్వం 2019లోనే మాటిచ్చింది. 2023లో వచ్చిన బిల్లు మరుసటి ఏటి ఎన్నికలతో మురిగిపోయింది. పని పూర్తిచేసింది లేబర్ ప్రభుత్వం.

కొత్త చట్టంలో గడువు ఒప్పందాలు లేవు. అద్దెదారు రెండు నెలల ముందు చెప్పి వెళ్లిపోవచ్చు. యజమాని మాత్రం చట్టం ఒప్పుకునే కారణం చూపాలి. ఇల్లు అమ్ముకోవాలన్నా, తానే వచ్చి ఉండాలన్నా మొదటి ఏడాది కుదరదు; పైగా నాలుగు నెలల నోటీసు ఇవ్వాలి. అమ్ముతానని ఖాళీ చేయించి వెంటనే వేరొకరికి అద్దెకిచ్చే ఎత్తుగడకు 12 నెలల నిషేధం అడ్డు. అద్దె ఏడాదికి ఒకసారే పెంచాలి. ఎక్కువనిపిస్తే ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. అయితే అక్కడా కొలత మార్కెట్ ధరే. పెంపుకు శాతం పరిమితి పెట్టకపోవడం పెద్ద లోటు.

అక్కడ చదువుకునే తెలుగు విద్యార్థులకు నేరుగా తగిలేది అడ్వాన్సు నిబంధన. ఆ దేశంలో హామీ ఉండేవారు లేని విదేశీ విద్యార్థుల చేత ఆరు నెలల అద్దె, ఒక్కోసారి ఏడాది అద్దె, ముందే కట్టించుకోవడం మామూలుగా ఉండేది. ఇక ఒక నెలకు మించి ముందుగా తీసుకోకూడదు. డిపాజిట్ దీనికి వేరు. 2019 చట్టం దాన్ని చాలా ఇళ్లకు ఐదు వారాల అద్దెకు పరిమితం చేసింది. విద్యార్థుల కోసమే కట్టి, ప్రభుత్వం ఆమోదించిన నియమావళికి లోబడి నడిచే ప్రైవేటు హాస్టళ్లకు మినహాయింపు ఉంది: అక్కడ గడువు ఒప్పందం, ముందస్తు చెల్లింపు పాత పద్ధతిలోనే సాగుతాయి.