ఫ్రాన్సిస్ – శౌరి: ఇటలీ పేరు మన ఊరి పేరు ఎలా అయింది?

ఫహాహీల్, అహ్మదీ, మంగాఫ్ ప్రాంతాల్లో ఉంటున్న మన తెలుగు కథోలిక కుటుంబాల్లో ఫ్రాన్సిస్ అనే పేరు కొత్తేమీ కాదు. తాతగారు శౌరయ్య, నాన్నగారు బాలశౌరి, అబ్బాయి ఫ్రాన్సిస్ – ఇలా మూడు తరాల పేర్లున్న ఇళ్ళు చాలానే ఉన్నాయి. ఈ మూడు పేర్లకూ ఒకే పునీతునితో సంబంధం ఉందని పిల్లల్లో చాలామందికి తెలియదు. ఈ పేరు ఎక్కడ పుట్టింది, మన దాకా ఎలా వచ్చింది అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

పేరు పుట్టిన చోటు

ఇటలీలోని అస్సీసి పట్టణంలో పియెత్రో ది బెర్నార్దోనె అనే బట్టల వ్యాపారి ఉండేవాడు. 1181 లేదా 1182లో ఆయనకు కొడుకు పుట్టినప్పుడు తల్లి ఆ బిడ్డకు జ్ఞానస్నానంలో జొవాన్ని (యోహాను) అని పేరు పెట్టించింది. వ్యాపారం మీద ఫ్రాన్సుకు వెళ్ళిన తండ్రి తిరిగి వచ్చి బిడ్డను ఫ్రాంచెస్కో అని పిలిచాడు. అంటే "ఫ్రాన్సువాడు" అని. అలా పిలిచిన ముద్దుపేరే నిలిచిపోయింది.

ఆ బిడ్డే పెద్దవాడై ఆస్తినంతా వదిలి పేదరికాన్ని వరించిన పునీత ఫ్రాన్సిస్ అస్సీసి. 1226 అక్టోబర్ 3న మరణించారు. రెండేళ్ళు తిరగకుండానే 1228లో ఆయనను పునీతునిగా ప్రకటించారు. ఆయన పండుగ అక్టోబర్ 4. ఆయన కీర్తితోనే ఈ పేరు యూరప్ అంతా పాకింది. స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో ఫ్రాన్సిస్కో, ఫ్రాన్సులో ఫ్రాన్స్వా, జర్మనీలో ఫ్రాంజ్, ఆడపిల్లలకు ఫ్రాంచెస్కా. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరం కూడా ఆయన పేరు మీదే ఉంది.

అర్థం ఏమిటి?

దీనికి మూలం ఫ్రాంకులు అనే జర్మానిక్ తెగ. ఫ్రాన్స్ దేశానికి ఆ పేరు వారి వల్లే వచ్చింది. వారి ఏలుబడిలో పూర్తి స్వేచ్ఛ వారికే ఉండేది కాబట్టి ఆ మాటకు "స్వేచ్ఛ గలవాడు" అనే అర్థం కూడా వచ్చింది. పేర్ల పుస్తకాల్లో రెండు అర్థాలు కనిపించడానికి కారణం ఇదే.

ఇదే ఫ్రాంకు అనే మాట అరబ్బుల నోట "ఇఫ్రంజ్" అయింది. క్రూసేడు యుద్ధాల కాలంలో పడమటి యూరప్ వాళ్ళందరినీ అలాగే పిలిచేవారు. పారశీకంలో అది ఫరంగీ, మన తెలుగులో పరంగి, ఫిరంగి. పాశ్చాత్యులు తెచ్చిన పెద్ద తుపాకీ కూడా మనకు ఫిరంగే అయింది! కథోలికులకు పేరుపొందిన గుంటూరు జిల్లా ఫిరంగిపురం పేరులో ఉన్నదీ ఈ మాటే. అంటే ఫ్రాన్సిస్, ఫిరంగి – రెండూ ఒకే వేరు నుంచి మొలిచిన మాటలు.

మరి శౌరి?

ఇది రెండో ఫ్రాన్సిస్ కథ. 1506లో స్పెయిన్ ప్రాంతపు నవార్రాలో హవియేర్ కోటలో పుట్టిన ఫ్రాన్సిస్ జేవియర్ 1542లో గోవా చేరారు. దక్షిణ భారత తీరంలో బోధించి, 1552 డిసెంబర్ 3న చైనా తీరపు దీవిలో మరణించారు. ఆయన ఇంటి ఊరి పేరే జేవియర్. ఇటలీలో అది సవేరియో, తమిళంలో సవేరియార్, తెలుగులో శౌరి. మన భాషలో శౌరి అంటే శూరుని వంశంవాడు, కృష్ణుని పేరు. చెవికి అలవాటైన మాట కనుక తేలికగా కలిసిపోయింది. శౌరిరాజు, శౌరమ్మ అలా వచ్చినవే. ఇగ్నేషియస్ ఇన్నయ్య అయినదీ ఈ పద్ధతిలోనే. తర్వాత ఇటలీ గురువులు కూడా మన ప్రాంతాల్లో పనిచేశారు. 1924లో గుణదలలో మేరీమాత స్వరూపాన్ని నెలకొల్పిన ఫాదర్ అర్లాటి వారిలో ఒకరు.

గల్ఫ్‌తో సంబంధం

1219లో యుద్ధం జరుగుతుండగానే ఫ్రాన్సిస్ అస్సీసి ఆయుధం లేకుండా ఈజిప్టు వెళ్ళి సుల్తాన్ అల్ కామిల్‌ను కలిశారు. సుల్తాన్ ఆయన మాట విని క్షేమంగా పంపించారు. 800 ఏళ్ళ తర్వాత, 2019 ఫిబ్రవరిలో పోప్ ఫ్రాన్సిస్ అబూదాబీ వచ్చారు. అరేబియా ద్వీపకల్పంలో అడుగుపెట్టిన మొదటి పోప్ ఆయనే. ఇటలీ నుంచి అర్జెంటీనాకు వలస వెళ్ళిన కుటుంబంలో పుట్టిన ఆయన, 2013లో ఈ పేరు ఎంచుకున్న తొలి పోప్ కూడా. 2025 ఏప్రిల్ 21న కన్నుమూశారు.

పేరు పెట్టే తల్లిదండ్రులకు

ఇంగ్లీషులో ఈ పేరు రాసేటప్పుడు చివరి అక్షరానికి ముందు "ఐ" ఉంటే మగపేరు, "ఈ" ఉంటే ఆడపేరు. ఒక్క అక్షరమే తేడా! జ్ఞానస్నాన పత్రంలో జేవియర్, స్కూలు సర్టిఫికెట్లో శౌరయ్య, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటే, ముగ్గురూ ఒకరేనని రుజువు చేసుకోవడం పరాయి దేశంలో ఎంత కష్టమో మనకు తెలుసు. పుట్టిన రోజు నుంచి అన్ని కాగితాల్లోనూ ఒకే స్పెల్లింగ్ ఉండేలా చూసుకోండి. బతాకాలో అరబిక్ అక్షరాలు కూడా ఒకసారి చదివించుకోండి.

ఇంకొక్క మాట. శౌరయ్య పాతకాలపు పేరని, ఫ్రాన్సిస్ పరాయి పేరని పిల్లలు సిగ్గుపడనక్కరలేదు. హవియేర్ అనే ఊరి పేరుకు బాస్క్ భాషలో "కొత్త ఇల్లు" అని అర్థం. ఊరు వదిలి వచ్చి ఇక్కడ కాపురం పెట్టిన మన పిల్లలకు అంతకన్నా తగిన పేరేముంటుంది? ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు తాతగారిని ఆయన పేరు కథ అడగమని మీ పిల్లలకు చెప్పండి.