యాంటీబయాటిక్‌ల అన్వేషణలో మందగమనం

విజ్ఞాన ప్రగతి నెమ్మదిస్తోందా అన్న చర్చలో తరచూ ప్రస్తావనకు వచ్చే ఉదాహరణ యాంటీబయాటిక్‌ల చరిత్ర. 1940 తరవాత రెండు దశాబ్దాల్లో వెల్లువలా వచ్చిన కొత్త తరగతుల మందులు ఆ పైన అరుదైపోయాయి.

స్వర్ణయుగం

1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గుర్తించిన పెన్సిలిన్‌ను 1940 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్‌లోని ఫ్లోరీ, చెయిన్‌ల బృందం మందుగా మలిచింది. 1943లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో, సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ స్ట్రెప్టోమైసిన్‌ను వేరుచేశారు. క్షయను నయం చేసిన తొలి యాంటీబయాటిక్ అదే.

వాక్స్‌మన్ పద్ధతికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. చిటికెడు మట్టిని నీటిలో కలిపి అగార్ పళ్లెంలో పరుస్తారు. మొలిచిన సూక్ష్మజీవుల పక్కనే రోగక్రిమిని పెంచుతారు. ఏ సూక్ష్మజీవి చుట్టూ క్రిమి పెరగక తేట వలయం ఏర్పడుతుందో, దాన్ని పట్టుకుని పరీక్షిస్తారు. కంపెనీలు దేశదేశాల మట్టి తెప్పించుకున్నాయి. వెనిజువెలా మట్టి నుంచి క్లోరాంఫెనికాల్, ఫిలిప్పీన్స్ మట్టి నుంచి ఎరిత్రోమైసిన్, మిస్సోరీ మట్టి నుంచి ఆరియోమైసిన్ వచ్చాయి. 1948లో వెల్లడైన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్‌లలో మొదటిది. లెడర్లీ సంస్థలో బెంజమిన్ డగ్గర్ దాన్ని కనుగొన్నప్పుడు, అక్కడి పరిశోధనలకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

మందగమనం

1960ల నుంచి మట్టిలో ఎంత వెతికినా దొరికినవే మళ్లీ దొరకసాగాయి. రసాయన శాస్త్రజ్ఞులు పాత అణువులకే మార్పులు చేసి కొత్త తరాలు సృష్టించారు. 1995లో తొలిసారి ఒక బ్యాక్టీరియా జన్యుక్రమం పూర్తిగా తెలియడంతో, మందులు దాడి చేయదగ్గ లక్ష్యాలను జన్యువుల్లోనే వెతకవచ్చన్న ఆశలు చిగురించాయి. 1995–2001 మధ్య గ్లాక్సో స్మిత్‌క్లైన్ సుమారు 70 జన్యు లక్ష్యాలపై లక్షలాది రసాయనాలను పరీక్షిస్తే, ముందుకు తీసుకెళ్లదగ్గవి అయిదే తేలాయి. 2000లో అమెరికాలో అనుమతి పొందిన లినెజోలిడ్, 2003లో పొందిన డాప్టోమైసిన్ కొత్త తరగతులకు చెందినవే అయినా, వాటి మూలాలు 1980ల నాటికే తెలుసు.

కారణాలు

గ్రామ్ నెగెటివ్ అనే రకం బ్యాక్టీరియాకు ఉండే అదనపు పొర చాలా మందులను లోపలికి రానివ్వదు. దీనికి ఆర్థిక కారణం తోడైంది. యాంటీబయాటిక్‌ను రోగి కొద్ది రోజులే వాడతాడు. కొత్తదాన్ని వైద్యులు చివరి అస్త్రంగా అట్టేపెడతారు. అలా పొదుపుగా వాడటమే సరైనది, కానీ పెట్టుబడి తిరిగి రాదు. 2018లో ప్లాజోమైసిన్‌కు అమెరికా అనుమతి సాధించిన అకావోజెన్ సంస్థ మరుసటి ఏడాదే దివాలా తీసింది.

కొత్త మార్గాలు

మట్టిలోని బ్యాక్టీరియాలో అత్యధిక భాగం ప్రయోగశాలలో పెరగదు. వాటిని మట్టిలోనే పెంచే ఐచిప్ పరికరంతో దొరికిన టెయిక్సోబాక్టిన్ 2015లో వెల్లడైంది. 2020లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ పరిశోధకులు కృత్రిమ మేధ సాయంతో హాలిసిన్ సామర్థ్యాన్ని గుర్తించారు. ఈ రెండూ ఇంకా మందులు కాలేదు. 2022లో ఇంగ్లండ్ రెండు మందులకు, అమ్మకాలతో నిమిత్తం లేకుండా ఏటా నిర్ణీత మొత్తం చెల్లించే ఒప్పందాలు చేసుకుంది.

మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో నేరుగా 12.7 లక్షల మంది మరణించారని అంచనా. ప్రకృతి నిధి అడుగంటిందనడానికి ఈ చరిత్రలో ఆధారం లేదు. అడుగంటింది ఒక పద్ధతి. కొత్త పద్ధతులు పుడుతున్నా, వాటిని రోగి దాకా చేర్చే పెట్టుబడికి ప్రభుత్వాల పూనిక తప్పనిసరి.