పత్రం వెనుక పుట: రుణపత్రంలో చెల్లువ్రాత ప్రయోజన పరిణామం

అల్వాల్ వంటి నగర శివారు ప్రాంతంలో చేబదులుగానో వడ్డీకో ఇచ్చిన సొమ్ము తిరిగి రానప్పుడు, రుణదాత న్యాయవాదిని సంప్రదించడానికి సిద్ధమవుతాడు. వెంట తీసుకుపోయే కాగితాలలో ముఖ్యమైనది ప్రామిసరీ నోటు. న్యాయవాది ముందువైపున తేదీని, రెవెన్యూ స్టాంపును, సంతకాన్ని పరిశీలించి, ఆపైన నోటును తిరగవేస్తాడు. దావా నిలవడం, నిలవకపోవడం ఒక్కొక్కసారి వెనుకవైపునున్న చెల్లువ్రాతపైనే ఆధారపడుతుంది. ఆ వ్రాత ప్రయోజనం కాలక్రమంలో ఎట్లా మారిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వ్యవహారశాస్త్రాన్ని తెలుగులోకి తెచ్చిన ప్రాచీన రచన పదమూడవ శతాబ్దికి చెందిన కేతన విజ్ఞానేశ్వరీయం. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర దీనికి ఆధారం. లిఖితం, భుక్తి, సాక్షులు అనే మూడింటిని ఆ స్మృతి ప్రమాణాలుగా పేర్కొన్నది. రుణపత్రంలో సంవత్సరం, మాసం, పక్షం, దినం, పేర్లు, తండ్రి పేరు మొదలైనవి ఉండాలనీ, రుణగ్రహీత తన అంగీకారాన్ని స్వహస్తంతో వ్రాయాలనీ విధించింది. నేటి నోటులో పేరుకు తండ్రి పేరును చేర్చే పద్ధతి దీనినే గుర్తుకు తెస్తుంది.

మన విషయానికి కీలకమైన విధులు మరి రెండు ఉన్నాయి. రుణగ్రహీత సొమ్ము చెల్లించినప్పుడల్లా ఆ మొత్తాన్ని పత్రం వెనుక వ్రాయాలి. లేదా రుణదాత స్వహస్తంతో రశీదు ఇవ్వాలి. బాకీ పూర్తిగా తీరిన తరువాత పత్రాన్ని చించివేయాలి. లేదా విముక్తి పత్రం వ్రాయించుకోవాలి. ఇక్కడ వెనుక పుట రుణగ్రహీతకు రక్ష. ఒకసారి చెల్లించిన సొమ్మును మళ్లీ అడగకుండా అది కాపాడుతుంది. రుణదాతకు కాలభయం తక్కువ. పత్రపూర్వకమైన రుణబాధ్యత మూడు తరాల వరకు ఉంటుందని స్మృతి నిర్ణయం.

ఆధునిక చట్టం మూడు తరాల స్థానంలో మూడేళ్లను నిలిపింది. బ్రిటిషిండియాలో 1859 నాటి కాలపరిమితి చట్టంతో మొదలైన ఈ క్రమం 1963 చట్టంలో నేటి రూపం పొందింది. కోరినప్పుడు చెల్లించవలసిన నోటుపై, దాని తేదీ నుండి మూడేళ్లలో దావా వేయాలి. ఆ గడువులోగా కొంత సొమ్ము చెల్లించి, ఆ సంగతిని చెల్లించినవాడు స్వహస్తంతో వ్రాసినా, సంతకం చేసినా, అప్పటినుండి గడువు కొత్తగా మొదలవుతుంది. కాబట్టి రుణగ్రహీత వ్రాసే వ్రాతయే ఇప్పుడు రుణదాతకు ఊపిరి. రుణదాత తానే వ్రాసుకొని, తానే సంతకం చేసుకొన్న చెల్లు ఈ పనికి చాలదు. గడువు దాటిన తరువాత వ్రాయించిన చెల్లు కూడా గడువును బ్రతికించదు. అప్పుడు 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం, చెల్లిస్తానని సంతకంతో కూడిన కొత్త వాగ్దానం కావాలి.

తెలంగాణలో మరొక ప్రశ్న ఎదురవుతుంది. నిజాం కాలపు వడ్డీవ్యాపారుల చట్టం, అంటే 1349 ఫస్లీ (1939-40) నాటిది, వడ్డీవ్యాపారానికి లైసెన్సు ఉండాలన్నది. అందువల్ల ఇచ్చినది చేబదులా, వడ్డీవ్యాపారమా అన్నది తేల్చుకోవలసి వస్తుంది. వాడుకలో పక్కపక్కనే తిరిగే ఈ రెండు మాటల మధ్య చట్టం గీత గీసింది.

కాబట్టి న్యాయవాది వద్దకు వెళ్లేవాడు నోటుతోపాటు చెల్లు ఎవరు వ్రాశారు, ఎప్పుడు వ్రాశారు, గడువులోగానేనా అన్న మూడు సమాధానాలను సిద్ధం చేసుకోవాలి. పరిశోధకునికీ ఇందులో ఒక హెచ్చరిక ఉన్నది. తీరిన అప్పుల పత్రాలు చించివేతకు గురికాగా, తీరని అప్పుల పత్రాలే ఎక్కువగా కోర్టు దస్త్రాలకు చేరుతాయి. వాటిని మాత్రమే చదివి తెలుగువారి రుణచరిత్ర వ్రాస్తే, మాట నిలుపుకొన్నవారు అందులో కనిపించరు.