పాము విషం: తెలుగునాట అధ్యయన చరిత్ర

పాము విషం రూపుమారిన లాలాజల గ్రంథుల్లో ఊరే ప్రొటీన్ల మిశ్రమం. ఎరను పడగొట్టడం, అరిగించుకోవడం దీని ప్రధాన ప్రయోజనం. ఆత్మరక్షణ ఆ తర్వాతిదే. అన్ని కాట్లలోనూ పాము విషం వదలదు.

రస్సెల్ పరిశోధన

స్కాట్లాండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1780లలో విశాఖపట్నంలో ఉంటూ, 1785లో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త అయ్యాడు. విషపామేదో, కానిదేదో జనం పోల్చుకోగలగాలన్నది ఆయన తపన. కోళ్లను, కుక్కలను పాములతో కరిపించి లక్షణాలు నమోదు చేశాడు. ‘కాటుక రేకుల పొడ’, అంటే రక్తపింజర, ప్రమాదంలో నాగుపాము తర్వాతిదని తేల్చాడు. పాముకాటుకు మందుగా వాడిన, పాషాణం కలిసిన తంజావూరు మాత్రనూ పరిశీలించాడు. 1796లో వెలువడిన గ్రంథంలో పాముల స్థానిక తెలుగు పేర్లను పొందుపరిచాడు. మరుసటి ఏడాది రక్తపింజర శాస్త్రీయ నామంలో ఆయన పేరు చేరింది.

విషం పనితీరు

నాగుపాము, కట్లపాము విషాలు నరాల నుంచి కండరాలకు సంకేతాలు అందనివ్వవు. రెప్పలు వాలి, చివరికి ఊపిరి ఆగుతుంది. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట నేలపై పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు కనుక కాటు తెలియకపోవచ్చు. రక్తపింజర విషం నెత్తుటిని గడ్డకట్టించే పదార్థాలను ఖర్చు చేసేస్తుంది. ఆపై రక్తస్రావం ఆగదు. అందుకే వైద్యులు రోగి రక్తాన్ని పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే. ఇదే విషాన్ని పలచన చేసి ప్రయోగశాలల్లో రక్త పరీక్షకూ వాడుతున్నారు.

విరుగుడు

1890లలో ఫ్రాన్స్‌కు చెందిన ఆల్బెర్ కాల్మెట్ విరుగుడు సీరం రూపొందించాడు. నేటి భారతీయ సీరం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలను గుర్రాలకు ఎక్కించి తయారుచేసేది. హైదరాబాద్‌కు చెందిన విన్స్ బయోప్రొడక్ట్స్ ఉత్పత్తిదారుల్లో ఒకటి. విషం చాలావరకు తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరుళర్ల సహకార సంఘం నుంచి వస్తుంది. ఒకే జాతి విషం ప్రాంతాన్ని బట్టి మారడం ఈ సీరానికి పరిమితి.

ప్రస్తుత స్థితి

2000-2019 మధ్య దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో మరణించారని అంచనా. ఎక్కువ మరణాలు నమోదైన రాష్ట్రాల్లో తెలంగాణ సహా ఆంధ్రప్రదేశ్ ఉంది. హైదరాబాద్‌లో మలక్‌పేట వంటి మూసీ నది చెంత బస్తీల్లో వరదనీటిలో కనిపించే నీరుకట్టె విషరహితం. అయినా పోల్చుకోలేని ఏ పాము కరిచినా కట్టు బిగించడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం చేయరాదు. కాటుపడిన అవయవాన్ని కదపకుండా వెంటనే ఆసుపత్రికి చేరాలి.