కుక్కల దేహభాష: అధ్యయన చరిత్ర

తోక, చెవులు, మెడమీది వెంట్రుకలు, చూపు, పెదవులు, నిలబడే తీరు - వీటితో కుక్క తన మనసులోని మాటను మనుషులకూ తోటి కుక్కలకూ తెలియజేసే పద్ధతే దాని దేహభాష. వేటగాళ్లకూ గొర్రెలకాపరులకూ ఇది అనాదిగా తెలిసిన విద్య.

క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకు రచయిత జెనోఫోన్ తన వేట గ్రంథంలో, వాసన పట్టిన జాగిలాలన్నీ ఒకే తీరున ప్రవర్తించవనీ, కొన్ని చెవులు మాత్రమే కదిపితే కొన్ని తోక కొస మాత్రమే ఆడిస్తాయనీ రాశాడు. 6వ శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో కుక్క చేష్టలకు ఒక అధ్యాయమే ఉంది. అయితే అందులో వెతికింది కుక్క మనసును కాదు, చూసినవారి శుభాశుభాలను. తరువాతి వెయ్యేళ్లకు పైగా ఈ విషయం వేట పుస్తకాలకూ సామెతలకూ పరిమితమైంది.

శాస్త్రీయ అధ్యయనానికి పునాది వేసినది చార్లెస్ డార్విన్. మనుషులు, జంతువుల భావ ప్రకటనలపై 1872లో ఆయన ప్రచురించిన గ్రంథంలోని కుక్క వర్ణనలు నేటికీ సాటిలేనివి. కొత్తవాడిని ఎదుర్కొనే కుక్క బిర్రబిగుసుకుని నడుస్తుంది. తల కాస్త పైకెత్తి, తోక నిటారుగా నిలిపి, మెడమీదా వీపుమీదా వెంట్రుకలు నిక్కబొడుచుకుని, చెవులు ముందుకు రిక్కించి, చూపు తిప్పకుండా చూస్తుంది. వచ్చినవాడు యజమానేనని తెలిసిన మరుక్షణం ఒళ్లంతా మెత్తబడి మెలికలు తిరుగుతుంది, తోక దిగి ఊగుతుంది, చెవులు వెనక్కి వాలతాయి, పెదవులు వదులవుతాయి. పరస్పర విరుద్ధమైన భావాలకు విరుద్ధమైన భంగిమలే ఏర్పడతాయన్న సూత్రాన్ని డార్విన్ ఈ జంట ఉదాహరణతో స్థాపించాడు. ఆ గ్రంథంలోని కుక్క బొమ్మలలో రెండింటిని చిత్రకారుడు బ్రిటన్ రివియేర్ గీశాడు. డార్విన్ ఇంటి కుక్క ముచ్చట కూడా అందులోనే ఉంది. షికారుకని ఉత్సాహంగా ముందు నడిచే ఆ కుక్క, ఆయన మొక్కలు చూసుకోవడానికి గాజుగదివైపు మళ్లగానే తల వేలాడేసి, చెవులూ తోకా ఒక్కసారిగా దించేసేది. ఇంటిల్లిపాదీ దానిని ‘గాజుగది మొహం’ అనేవారు.

స్విట్జర్లాండుకు చెందిన రుడాల్ఫ్ షెంకెల్ కుక్కల దగ్గరి బంధువులైన తోడేళ్లను బాసెల్ జంతుప్రదర్శనశాలలో ఓపికగా పరిశీలించి 1947లో వాటి భావప్రకటనలను వివరించాడు. 1967లో లొంగుబాటును రెండుగా విభజించాడు: ఒళ్లు వంచి దగ్గరకొచ్చి మూతి నాకడం చురుకైన లొంగుబాటు, వెల్లకిలా పడిపోవడం నిష్క్రియమైనది. ఓడిన జంతువు మెడ అప్పగిస్తుందన్న జంతుప్రవర్తన శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్ ప్రసిద్ధ వాదాన్ని ఆయన అదే వ్యాసంలో ఖండించాడు. అయితే బంధనంలోని తోడేళ్లనుంచి పుట్టిన, గుంపులో పెత్తనం కోసం పోరు సాగుతుందన్న ఆధిపత్య భావన కుక్కల శిక్షణలోకీ పాకింది. అడవి గుంపు నిజానికి తల్లిదండ్రులూ పిల్లలూ ఉండే కుటుంబమని తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ 1999లో స్పష్టం చేశాడు.

ముందుకాళ్లు నేలకు ఆనించి పిరుదులు పైకెత్తే ఆటపిలుపును జంతుప్రవర్తన శాస్త్రవేత్త మార్క్ బెకాఫ్ 1970లలో పరిశీలించాడు.

తోక ఊపితే స్నేహమేనన్న నమ్మకాన్ని 2007లో ఇటలీ పరిశోధకులు కదిలించారు. బారీలో 30 కుక్కలను పరీక్షించగా, యజమానిని చూసినప్పుడు తోక కుడివైపుకూ, ఆధిపత్యం చూపే అపరిచిత కుక్కను చూసినప్పుడు ఎడమవైపుకూ ఎక్కువగా ఊగింది. కుక్కల ‘తప్పుచేసిన మొహం’ తప్పును బట్టి కాక యజమాని గద్దింపును బట్టి వస్తుందని 2009లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ చూపింది.

భారతదేశంలో వీధికుక్కలపై విలువైన కృషి కోల్‌కతాలోని ఐసర్ విజ్ఞానసంస్థలో అనిందితా భద్ర బృందానిది. మనిషి సైగను కుక్క చదవగలదా అన్న ఎదురు ప్రశ్నతో, మనిషి వేలితో చూపిన గిన్నెవైపు వీధికుక్క వెళుతుందా అని వారు పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు సగం కుక్కలు బెదురుగా ఉండి గిన్నెల దగ్గరకే రాలేదు. వచ్చినవాటిలో సుమారు 80 శాతం వేలు చూపిన గిన్నెవైపే వెళ్లాయి.