సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు: భారత ప్రభుత్వ నిబద్ధత

ఐక్యరాజ్యసమితి సభ్య దేశాలన్నీ 2015 సెప్టెంబరు 25న న్యూయార్క్‌లో సుస్థిరాభివృద్ధి కోసం 2030 ఎజెండాను ఆమోదించాయి. అందులో 17 లక్ష్యాలు, 169 ఉపలక్ష్యాలు ఉన్నాయి. అంగీకరించిన 193 దేశాల్లో భారత్ ఒకటి. 2016 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ ఎజెండాకు చట్టబలం లేదు. మాట తప్పిన దేశాన్ని బోనెక్కించే న్యాయస్థానమూ లేదు. అందుకే ఇదంతా కాగితాల మీది వ్యవహారమని కొందరు కొట్టిపారేస్తారు. ఆ మాట తొందరపాటు. శిక్ష లేని చోట ఒక ప్రభుత్వం తన మాటకు ఎంత కట్టుబడిందో తేల్చడానికి రెండు ఆధారాలున్నాయి: అది తన ప్రజలను ఎలా లెక్కిస్తోంది, ఆ లెక్క ప్రకారం ఎక్కడ ఖర్చు పెడుతోంది.

లెక్కించే యంత్రాంగాన్ని భారత్ శ్రద్ధగానే నిర్మించింది. సమన్వయం నీతి ఆయోగ్ చూస్తుంది. గణాంక మంత్రిత్వ శాఖ 306 సూచికలతో జాతీయ చట్రాన్ని తయారుచేసింది. 2017, 2020, 2025 సంవత్సరాల్లో ప్రభుత్వం తన ప్రగతిని స్వచ్ఛందంగా ఐక్యరాజ్యసమితికి నివేదించింది. వైద్యం, వ్యవసాయం, తాగునీరు ప్రధానంగా రాష్ట్రాల చేతిలో ఉన్నవి కాబట్టి రాష్ట్రాలవారీగా మార్కులు వేయాలన్న నిర్ణయం సరైనదే. ఆ మార్కుల్లో 2018లో నూటికి 57గా ఉన్న దేశ సగటు 2023–24 నాటికి 71కి చేరింది. ఈ పెరుగుదల వెనుక నిజమైన ప్రాణాలున్నాయి. లక్ష సజీవ జననాలకు 2014–16లో 130గా ఉన్న మాతృమరణాలు 2018–20 నాటికి 97కి తగ్గాయి. 2030కి చేరాల్సిన 70 కంటే దిగువకు ఎనిమిది రాష్ట్రాలు అప్పటికే వచ్చేశాయి. వాటిలో కేరళ 19, తెలంగాణ 43, ఆంధ్రప్రదేశ్ 45.

అయితే సగటు మార్కులోనే చిక్కుంది. మొత్తం 71 వచ్చిన ఆ ఏడాదే ఆకలి నిర్మూలనకు 52, స్త్రీ పురుష సమానత్వానికి 49 మాత్రమే వచ్చాయి. విద్యుత్తులో వచ్చిన మార్కులు పోషణలోని లోటును కప్పేస్తున్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత 2015–16లో 53.1 శాతం, 2019–21లో 57 శాతం. అయిదేళ్లలోపు పిల్లల్లో అది 58.6 నుంచి 67.1 శాతానికి ఎగబాకింది. వేలికొన నుంచి తీసిన రక్తబొట్టుతో చేసే పరీక్ష రక్తహీనతను ఎక్కువ చేసి చూపుతుందని నిపుణుల్లో కొందరంటారు. ఆ అభ్యంతరానికి విలువ ఉంది. కానీ రెండు విడతల్లోనూ పరీక్ష పద్ధతి అదే. అసలు స్థాయి మీద అనుమానం ఉండవచ్చు గానీ, పరిస్థితి మెరుగుపడిందని చెప్పడానికి మాత్రం ఆధారం కనబడదు. మాతృమరణాలు తగ్గిన రాష్ట్రాలకూ ఇది వర్తిస్తుంది: ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం స్త్రీలు రక్తహీనులు. స్త్రీని ఆసుపత్రి ప్రసవం దాకా తీసుకురాగలిగిన వ్యవస్థ ఆమె కంచంలోకి పప్పు, ఆకుకూర, గుడ్డు చేర్చలేకపోయింది.

ఈ లక్ష్యాలు లేకపోయినా ఈ పనులు జరిగేవేనన్నది మరో వాదన. కొంత నిజమే, స్వచ్ఛ భారత్ 2014లోనే మొదలైంది. లక్ష్యాల వల్ల కొత్తగా వచ్చింది పోల్చి చూసే వీలు, ప్రశ్నించే హక్కు. సంపన్న దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం సాయంగా ఇస్తామన్న మాటను చాలావరకు నిలుపుకోలేదు కాబట్టి పేద దేశాలను నిలదీయరాదని ఇంకొందరంటారు. వాతావరణ మార్పు విషయంలో ఆ వాదనకు పూర్తి న్యాయం ఉంది. ఇనుము మాత్రలకు, జనాభా లెక్కలకు విదేశీ నిధుల కోసం ఎదురుచూడాల్సిన అవసరం మాత్రం మన దేశానికి లేదు.

ఎవరినీ వెనుక వదలరాదన్నది ఈ ఎజెండా మూల సూత్రం. ఆ సూత్రానికి రేషన్ ఒక పరీక్ష. 2013 నాటి ఆహార భద్రతా చట్టం గ్రామాల్లో 75, పట్టణాల్లో 50 శాతం మంది దాకా చవక బియ్యం, గోధుమలకు హక్కు కల్పించింది. ఆ శాతాలను లెక్కగట్టింది 2011 జనాభా మీద. అందుకే పరిమితి 81.35 కోట్ల దగ్గరే నిలిచిపోయింది. 2021లో జరగాల్సిన జనగణన 2027కి వాయిదా పడింది. ఈలోగా పెరిగిన జనాభా ఆ పరిమితికి బయటే ఉంది. కొత్త లెక్క చేతికి రాగానే రేషన్ పరిమితిని సవరించడం, ఏటా బడ్జెట్‌తో పాటు పోషకాహార సూచికలను సగటులో కలపకుండా విడిగా చట్టసభల ముందు పెట్టడం ప్రభుత్వం వెంటనే చేయాల్సిన పనులు.