బరువును పట్టి నిలిపిన గొలుసు

బాలానగర్‌లో ఓ వర్క్‌షాపుకి రెండు టన్నుల పాత లేత్ మెషీన్ వచ్చిందనుకోండి. లారీ మీంచి క్రేన్ దించుతుంది. గుమ్మంతో దాని పని సరి. లోపల రేకుల కప్పు, ఇరుకు దారి, అటూ ఇటూ నడుస్తున్న మెషీన్లు. ఇక మనుషులే దిక్కు. గడ్డపారతో ఓ కొస లేపి కింద ఇనుప పైపు ముక్కలు దూరుస్తారు. మెషీన్ ముందుకు జరిగే కొద్దీ వెనక మిగిలిన పైపును తెచ్చి ముందు వేస్తారు. మూల తిరగాలంటే ముందున్న పైపును సుత్తితో ఓ పక్కకి తట్టి వంకరగా పెడితే చాలు, మెషీన్ అటే మళ్లుతుంది.

దుంగల మీద దొర్లించే ఈ పద్ధతి పిరమిడ్ల నాటిదని చాలామంది నమ్మకం. ఈజిప్టులో డెయిర్ ఎల్ బెర్షా దగ్గర, జెహుతిహోతెప్ అనే అధికారి సమాధిలో దాదాపు 3,900 ఏళ్ల నాటి బొమ్మ ఒకటుంది. ఓ మహా విగ్రహాన్ని 172 మంది తాళ్లతో లాగుతుంటారు. విగ్రహం ఒళ్లో నిలబడి ఒకడు చప్పట్లతో తాళం వేస్తుంటాడు. మన దగ్గర ‘హైలెస్సా’ అందించే మేస్త్రీ ఉద్యోగమే అతనిదీ. బొమ్మలో దుంగలు మాత్రం ఎక్కడా లేవు. ఉన్నది చక్రాల్లేని చెక్క బండి, దాని ముందు ఇసుక మీద నీళ్లు పోస్తున్న మనిషి. ఆ నీళ్లు పూజ కోసమనుకున్నవాళ్లూ ఉన్నారు. తగినంత తడిస్తే ఇసుక గట్టిపడి, లాగే శ్రమ సగానికి తగ్గుతుందని 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూపించారు.

ఆ చెక్క బండిలో ఇంకో సుగుణముంది. లాగడం ఆపితే ఆగుతుంది. కింద గుండ్రటివి చేరాయంటే ఆ భరోసా పోతుంది. నేల కాస్త వాలుగా ఉన్నా బరువు తన దారి తాను చూసుకుంటుంది. రష్యా రాణి కేథరిన్ కాలంలో, 1769-70ల్లో, పీటర్ చక్రవర్తి విగ్రహం పీఠానికని 1,200 టన్నులకు పైబడిన బండను కంచు గుండ్ల మీద దొర్లించి సముద్రం దాకా చేర్చారు. అదంతా ఆరుబయట, గడ్డకట్టిన నేల మీద, వందల మందితో జరిగిన పని. ఫ్యాక్టరీ గదిలో పట్టేది నలుగురైదుగురే. వాళ్లు ఎత్తిన బరువును పట్టుకునే ఉండలేరు. మధ్యలో చెయ్యి మార్చుకోవాలి, కింద చెక్కలు పేర్చాలి.

ఈ చిక్కుకు జవాబు ఇంగ్లండులో దొరికింది. 1795లో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్‌కి పేటెంటు తీసుకున్నాడు. ఆ సూత్రంతోనే బర్మింగ్‌హామ్ టాంగై సోదరులు జాకీలు చేశారు. ఒడ్డున మొరాయించిన ‘గ్రేట్ ఈస్టర్న్’ ఓడ 1858 జనవరిలో నీళ్లలోకి దిగడంలో ఆ జాకీల పాత్ర ఉంది. వాళ్లతో కలిసే థామస్ ఆల్డ్రిడ్జ్ వెస్టన్ 1854లో తాను కనిపెట్టిన కప్పీని తయారుచేయించాడు. నా లెక్కలో జాకీ కంటే ఇదే గొప్పది.

పైన ఒకే ఇరుసుకు రెండు చక్రాలు కలిపి బిగించి ఉంటాయి, ఒకటి పెద్దది, ఒకటి రవ్వంత చిన్నది. అంచుల్లో గొలుసు లింకులు కూర్చునే గుంటలు. కొస లేని ఒకే గొలుసు ఆ రెండింటి మీదుగా, కింది కప్పీ గుండా తిరుగుతుంది. పెద్ద చక్రం పది లింకులు పైకి లాక్కుంటే చిన్నది తొమ్మిది వదులుతుందనుకుందాం. మిగిలిన ఒక్క లింకులో సగం మేరకే బరువు లేస్తుంది. అంటే 20 అంగుళాల గొలుసు లాగితే లేచేది ఒక్క అంగుళం. లెక్క ప్రకారం టన్ను బరువుకి 50 కిలోల లాగుడు చాలు. తీరా లాగితే 100 కిలోలు దాటుతుంది, సగానికి పైగా రాపిడే తినేస్తుంది కాబట్టి. అదే దీని ప్రాణం. అంత రాపిడి ఉన్నందుకే చెయ్యి వదిలేసినా బరువు తనంతట తాను కిందికి రాదు.

తర్వాత పళ్ల చక్రాలు చేరి శ్రమ తగ్గింది. రాపిడి తగ్గేసరికి బరువు జారే భయం మళ్లీ మొదలైంది. అందుకే లోపల బ్రేకు పెట్టారు, దాన్నీ వెస్టన్ పేరుతోనే పిలుస్తారు. ఆ కప్పీకి ఇవాళ్టి రూపమైన చెయిన్ బ్లాక్‌తో బరువు ఎత్తేటప్పుడు వినిపించే టకటక ఆ బ్రేకుదే. పళ్లున్న చక్రం మీద చిన్న కొక్కెం ఒక్కో పన్నూ దాటుతున్న చప్పుడు. ఎత్తేటప్పుడు అది వినపడకపోతే అనుభవమున్న మేస్త్రీ పని ఆపేస్తాడు.

పెద్ద ఫ్యాక్టరీల్లో ఇప్పుడు గాలి మెత్తలూ వాడుతున్నారు. మెషీన్ కిందకి కంప్రెసర్ గాలి పంపితే పల్చటి గాలి పొర మీద తేలుతుంది, టన్నుల బరువు చేత్తో తోస్తే కదులుతుంది. నున్నటి నేల మీదే ఈ వైభవం. పగులు తగిలితే గాలి పోయి కూలబడుతుంది. వాలు తగిలితే పాత సమస్యే, బరువు అటే పోతుంది.

చిన్న షెడ్డుకి చెయిన్ బ్లాకే గతి. అదీ ఎక్కడ పడితే అక్కడ తగిలించేది కాదు. రేకుల కింది ట్రస్సు కప్పును మోయడానికి కట్టింది, రెండు టన్నుల లేత్‌ని వేలాడదీస్తే వంగుతుంది. అందుకే తెలిసిన మేస్త్రీ తన లావుపాటి పైపులు మూడూ వెంట తెచ్చుకుని ముక్కాలి నిలబెడతాడు, కాళ్లు జారకుండా అడుగున గొలుసుతో కట్టేస్తాడు.